పాత రీలు కెమెరా షట్టర్ మొరాయిస్తే: విప్పకముందు, విప్పాక

తిరుపతి ఇళ్ళల్లో బీరువాల అడుగునుంచి ఈమధ్య మళ్ళీ బయటికొస్తున్న కెమెరాలు చాలావరకు మూడు రకాలు. కువైట్ నుంచో సింగపూర్ నుంచో ఎవరో చుట్టాలు తెచ్చిన యాషికాలు, కెనాన్ ఏఈ-1లు. పెళ్ళిళ్ళు తీసి తీసి అరిగిన స్టూడియో కెమెరాలు, అంటే పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్‌ఎం10, యాషికా మ్యాట్. ఇంకా వెనక్కి పోతే అగ్ఫా ఐసోలెట్, జైస్ నెట్టార్ లాంటి మడత కెమెరాలు. ఫిల్ముకు వెలుతురును కాసేపు తెరిచి మూసే తలుపు లాంటిది షట్టర్. నొక్కితే పడదు, పడితే మూసుకోదు, మూసుకుంటే బొమ్మలో సగం నలుపు. "షట్టర్ పోయింది" అనేసి మళ్ళీ బీరువాలో పెట్టేస్తారు.

అట్లా పక్కన పెట్టినవాటిలో నిజంగా ఏదైనా భాగం విరిగినవి తక్కువ. ఎండి జిగురైన నూనె, వేడికి కరిగి పాకిన గ్రీజు, పొడిపొడిగా రాలి అంటుకున్న స్పాంజి, బ్యాటరీ గూట్లో పచ్చటి చిలుము. ఎక్కువ కేసుల్లో ఈ నాలుగిట్లో ఒకటి. కాబట్టి మొదటి పని స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కాదు. ఏ స్పీడులో (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పే అంకెలో) తప్పుతోంది, ఫ్రేములో ఏ వైపు తప్పుతోంది, రోజులో ఏ వేళకు తప్పుతోంది అన్నది కనుక్కోవడం. ఆ మూడూ తెలిస్తే, మూత తీయకముందే జబ్బు ఎక్కడుందో దాదాపు తెలిసిపోతుంది.

అంతకన్నా ముందు ఒక హెచ్చరిక. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే, వీటిలో ఏదీ షట్టర్‌లో వేయకండి. వేసిన పూట బాగానే పడుతుంది, అందుకే జనం నమ్ముతారు. షట్టర్ రేకులు పొడిగా, ఒకదానిమీద ఒకటి జారుతూ పనిచేసేలా తయారుచేసినవి. వాటి మధ్య సన్నటి నూనె పొర చేరితే రెండు రేకులూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. పైగా ఆ నూనె దుమ్మును పట్టి, కొన్ని నెలల్లో జిగురవుతుంది. అప్పుడు శుభ్రం చేయాల్సిన పని రెట్టింపు.

మీ కెమెరాలో ఏ షట్టర్ ఉందో చూసుకోండి. లెన్స్ లోపలే పువ్వు రేకుల్లా తెరుచుకునే సన్నటి ఇనుప రేకులుంటే అది లీఫ్ షట్టర్. యాషికా మ్యాట్, యాషికా ఎలక్ట్రో 35, రోలికార్డ్, మడత కెమెరాలు ఈ కోవ. వెనక తలుపు తీస్తే ఫిల్ము ముందు నల్లటి రబ్బరు పూత బట్ట అడ్డంగా కదిలితే అది బట్ట కర్టెన్ షట్టర్. కె1000, ఏఈ-1, మినోల్టా ఎస్‌ఆర్‌టీ, జెనిట్, జోర్కీ, ఫెడ్ ఇవన్నీ ఇదే. అదే చోట లోహపు రేకులు పైనుంచి కిందికి పడితే నిలువు షట్టర్. నికాన్ ఎఫ్‌ఎం, ఎఫ్‌ఎం2, ఎఫ్‌ఎం10, యాషికా ఎఫ్‌ఎక్స్-3 ఇట్లాంటివి.

రీలు లేకుండా పరీక్ష

వెనక తలుపు తెరిచి, లెన్స్ ఊడేదైతే ఊడదీసి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పెట్టి ప్రతి స్పీడులోనూ నాలుగైదు సార్లు నొక్కండి. 1 సెకను నుంచి 1/15 వరకు చెవితో పట్టొచ్చు. ఒక్కో మెట్టుకు సమయం సగమవుతున్నట్టు వినిపించాలి. స్లో స్పీడుల్లో లోపల చిన్న పళ్ళచక్రాల వరస తిరుగుతూ "గిర్ర్" మని ఒకే శ్రుతిలో శబ్దం చేస్తుంది. ఆ శబ్దం నీరసపడుతూ మధ్యలో ఆగితే, లేదా వేలితో లీవర్‌ను తాకితేనే కదిలితే, రేకుల్లో తప్పు లేదు. ఆ పళ్ళచక్రాల్లో పాత నూనె ఎండిపోయింది. పెళ్ళి కెమెరాల్లో ఇది చాలా ఎక్కువ, కారణం సులువే. ఫ్లాష్‌తో తీసే కెమెరా ఏళ్ళ తరబడి 1/60 లోనో 1/125 లోనో ఉండిపోతుంది. వాడని స్పీడుల చక్రాలు అట్లాగే బిగుసుకుంటాయి. పగలు ఎండలో తీసుకోవడానికి అదే కెమెరా నిక్షేపంగా పనికొస్తుంది. తలకోనలో జలపాతాన్ని పాలనురగలా తీయాలని 1/2 సెకను పెడితేనే తప్పు బయటపడుతుంది.

వేళ సంగతి కూడా గమనించాలి. మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో తిరుపతిలో చక్కగా పడే షట్టర్, డిసెంబరు తెల్లవారుజామున తిరుమల కొండ మీద సగంలో ఆగిపోవచ్చు. పాత గ్రీజు చలికి చిక్కబడుతుంది, స్ప్రింగు దాన్ని తోయలేదు. ఉదయం తప్పి మధ్యాహ్నం సర్దుకుంటే అది కచ్చితంగా జిగురు సమస్యే, స్ప్రింగు విరగడం కాదు. తిరగేసి చూస్తే, మే నెలలో అలిపిరి దగ్గర ఎండలో నిలిపిన కారులో కెమెరా వదిలితే, ఫోకస్ మర మీది గ్రీజులోని నూనె వేరుపడి మెల్లగా షట్టర్ రేకుల మీదికి పాకుతుంది. వాడకుండా దాచిన కెమెరా చెడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

సోవియట్ ఫెడ్, జోర్కీలు చేతికొస్తే ఒక నియమం గుర్తుంచుకోండి. స్లో స్పీడులున్న జోర్కీ 4 లాంటివాటిలో షట్టర్ ఎక్కుపెట్టాకే, అంటే నొక్కడానికి సిద్ధంగా దాని స్ప్రింగు బిగించాకే, స్పీడు డయల్ తిప్పాలి. ముందే తిప్పితే లోపలి పిన్ను తప్పు చోట కూర్చుంటుంది, మరమ్మతు లేకుండా సర్దుకోకపోవచ్చు. పాత కాంపూర్-ర్యాపిడ్ లీఫ్ షట్టర్లలో దీనికి తిరగేసిన నియమం. అక్కడ 1/500కు అదనపు స్ప్రింగు ఒకటి ఉంటుంది, ఎక్కుపెట్టకముందే ఆ స్పీడుకు తిప్పాలి. పాత లీఫ్ షట్టర్‌లోని సెల్ఫ్ టైమర్ లీవర్‌ను అసలు ముట్టుకోకండి. అది మధ్యలో పట్టేస్తే షట్టర్ మొత్తం పట్టేస్తుంది.

లీఫ్ షట్టర్ రేకులు అంటుకుంటే

నొక్కగానే రేకులు కదలకపోవడం, తెరిచి మెల్లగా మూసుకోవడం, సగం తెరిచి నిలిచిపోవడం, ఈ మూడింటికీ కారణం ఒకటే, రేకుల మీద నూనె. టార్చి వేసి ఏటవాలుగా చూస్తే ఇంద్రధనుస్సు రంగుల మెరుపు కనిపిస్తుంది.

కావలసినవి కొంచెమే. లైటర్‌లో పోసే పెట్రోలు ఒక చిన్న డబ్బా, ఇయర్‌బడ్లు, దూది రాలని మెత్తటి గుడ్డ, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, భూతద్దం. బంకులో దొరికే పెట్రోలు వద్దు, అది ఆరాక జిడ్డు మిగులుతుంది. కిరసనాయిలు అంతకన్నా అధ్వానం. లైటర్ పెట్రోలు ఇట్టే అంటుకుంటుంది, కనుక వంటింట్లోనూ, దీపం వెలిగే పూజగది పక్కనా ఈ పని పెట్టుకోకండి. మిద్దె మీదో, కిటికీలు తెరిచిన గదిలోనో చేయండి.

ముందు లెన్స్ ముందరి అద్దాల గుత్తిని తీయాలి. పేరు రాసి ఉండే ముందు రింగు కొన్నిట్లో మరతో బిగించి ఉంటుంది. పట్టకారుతో తిప్పితే జారి గీతలు పడతాయి. ఆ రింగుకు సరిపోయే గుండ్రటి రబ్బరు మూతను ఒత్తి పట్టి తిప్పితే కదులుతుంది. మడత కెమెరాల్లో ముందు అద్దం తిరిగితేనే ఫోకస్ మారుతుంది. అట్లాంటిదాన్ని విప్పే ముందు అనంత దూరం గుర్తుకు తెచ్చి, రింగు మీదా దాని పక్కన ఒంటి మీదా సూదితో ఒకే గీత గీయండి. మర ఊడే క్షణంలో ఏ స్థానంలో ఊడిందో ఫోనుతో ఫోటో తీసుకోండి. ఆ మరకు మొదళ్ళు ఒకటికన్నా ఎక్కువ ఉంటాయి. వేరే మొదట్లో ఎక్కిస్తే అంతా బిగుసుకున్నట్టే ఉంటుంది, ఫోకస్ మాత్రం ఎక్కడికీ కుదరదు. అగ్ఫా ఐసోలెట్‌ల మరలో వేసిన పచ్చ గ్రీజు రాయిలా గట్టిపడుతుంది. బలంతో తిప్పితే ముందూ వెనకా ఉన్న రెండు రింగులూ కలిసి ఊడివస్తాయి. చుట్టూ లైటర్ పెట్రోలు ఒక్కో చుక్క వేస్తూ ఒకట్రెండు రోజులు నానబెట్టండి. హెయిర్ డ్రయర్ వేడి పెట్టదలిస్తే ఆ పెట్రోలు పూర్తిగా ఆరి, వాసన పోయాకే పెట్టాలి, తడి మీద పెడితే అంటుకుంటుంది. ఆ వేడి తీసుకున్నాక అప్పుడు తిప్పండి.

రేకులు బయటపడ్డాక ఇయర్‌బడ్‌ను లైటర్ పెట్రోలులో ముంచి, గుడ్డ మీద ఒత్తి, తడి మాత్రమే మిగిలేలా చేసుకోండి. మధ్యనుంచి అంచుకు, రేకుల వాలు వెంట తేలికగా తుడవండి. షట్టర్ నొక్కండి, మళ్ళీ తుడవండి. నొక్కిన ప్రతిసారీ లోపలి అంచుల నుంచి కొత్త నూనె బయటికొస్తుంది, అందుకే ఒక్కసారి తుడిస్తే సరిపోదు. బి స్పీడులో, అంటే నొక్కి పట్టినంతసేపూ షట్టర్ తెరిచే ఉండే స్థానంలో, రేకులు తెరిచి పట్టి, వెనక వైపునుంచి కూడా ఇదే చేయాలి. ఇయర్‌బడ్ తెల్లగా వచ్చేదాకా సాగించండి. తర్వాత పూర్తిగా ఆరనిచ్చి అన్ని స్పీడుల్లోనూ పాతిక ముప్పై సార్లు నొక్కండి. తడిగా ఉన్నప్పుడు బాగా పడి, ఆరాక మళ్ళీ మందగించడం మామూలే, మరో రెండు దఫాలు చేయాలి. మర్నాటికి రేకుల మీద మళ్ళీ మెరుపు వస్తే నూనె లోపలి రింగులో నిలిచి ఉంది. అప్పుడు షట్టర్‌ను లెన్స్‌నుంచి పూర్తిగా విడదీసి కడగాల్సిందే.

పెట్రోలు గుమ్మరించి ముంచేయడం మంచి పద్ధతి కాదు. అది లోపలి మురికిని కరిగించి తీసుకుపోయి వెనక అద్దం మీద పేరుస్తుంది. మరకలు పోగొట్టడానికి అద్దాలు కూడా విప్పాల్సి వస్తుంది.

స్లో స్పీడుల పళ్ళచక్రాలకు ముందు మూత, స్పీడు రింగు తీయాలి. అక్కడ లైటర్ పెట్రోలు ఒకటి రెండు చుక్కలు చక్రాల వరస మీద మాత్రమే వేసి, 1 సెకనులో పదే పదే నొక్కండి. శబ్దం సమంగా మారుతుంది. ఆరాక మళ్ళీ నీరసపడితే ఇరుసులకు వాచీ నూనె కావాలి, అదీ సూదిమొనకు అంటినంత. ఈ పని వాచీ రిపేరు చేసే అన్నకు అప్పజెప్పడం మేలు. ఆయన దగ్గర ఆ నూనె, దాన్ని పెట్టే సన్నటి పుల్ల, కంటి భూతద్దం అన్నీ ఉంటాయి. "ఇరుసులకే, రేకులకు వద్దు" అని మాత్రం చెప్పండి.

బట్ట కర్టెన్: ఫ్రేములో ఒకవైపు చీకటి

ఇక్కడ పని తీరే వేరు. రెండు కర్టెన్లుంటాయి. మొదటిది జరిగి ఫిల్మును తెరుస్తుంది, రెండోది దాని వెంట వచ్చి మూస్తుంది. 1/60 కన్నా వేగంలో ఫిల్ము మొత్తం ఒకేసారి తెరుచుకోదు. రెండు కర్టెన్ల మధ్య సన్నటి చీలిక ఒకటి ఫిల్ము మీదుగా నడుస్తుంది. 36 మిల్లీమీటర్ల దూరాన్ని కర్టెన్ దాటడానికి సుమారు 12 నుంచి 14 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే 1/1000లో ఆ చీలిక వెడల్పు 3 మిల్లీమీటర్లలోపే. రెండు కర్టెన్లలో ఒకటి ఒక్క మిల్లీసెకను వెనకబడినా ఆ స్పీడులో ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ము మీద పడే వెలుతురు, రెట్టింపవుతుంది, లేదంటే చీలికే మూసుకుపోతుంది. అదే ఒక మిల్లీసెకను 1/60లో ఎవరికీ కనిపించదు. తప్పు ఎప్పుడూ 1/500, 1/1000లలోనే మొదట బయటపడేది ఇందుకే.

ఫ్రేములో కర్టెన్ ప్రయాణం ముగిసే వైపు చీకటిగా ఉంటే, రెండో కర్టెన్ మొదటిదాన్ని తరుముకొచ్చి పట్టేస్తోందన్నమాట. మొదటి కర్టెన్ మందగించింది. ముగిసే వైపు మరీ తెల్లగా, ఎక్స్‌పోజర్ ఎక్కువైతే రెండో కర్టెన్ వెనకబడుతోంది. ఏ వైపు మొదలు, ఏ వైపు చివర అన్నది వెనక తలుపు తెరిచి, మెల్లగా లీవర్ తిప్పి, నొక్కి చూస్తే తెలుస్తుంది. ఫిల్ము మీద బొమ్మ తలకిందులుగా, కుడిఎడమలు తారుమారుగా పడుతుంది. ప్రింటులో కుడివైపు చీకటి అంటే, వెనకనుంచి చూసినప్పుడు కెమెరాలో ఎడమవైపు. ఇది సరిచూసుకోకుండా మొదలెడితే బాగున్న కర్టెన్‌ను సర్దుతూ కూర్చుంటాం.

మందగించిన కర్టెన్‌కు స్ప్రింగు బిగించి వేగం పెంచాలనిపిస్తుంది. చాలా జపాన్ కెమెరాల్లో అడుగు మూత విప్పగానే రెండు కర్టెన్ల టెన్షన్ సర్దే చక్రాలు కనిపిస్తాయి కూడా. అక్కడే ఆగాలి. కర్టెన్ మందగించడానికి మూలం ఇరుసుల్లోని మురికి. దాన్ని వదిలేసి స్ప్రింగు బిగిస్తే, రాపిడి అట్లాగే ఉండి రోలర్ల మీద బరువు పెరుగుతుంది, కర్టెన్ చివర కొట్టుకుని వెనక్కి ఎగురుతుంది. ఆ ఎగిరినప్పుడు ఫ్రేము అంచున ఒక తెల్ల పట్టీ పడుతుంది. కాబట్టి ముందు రోలర్ ఇరుసుల దగ్గర, గేర్ల దగ్గర సన్నటి బ్రష్‌తో లైటర్ పెట్రోలు తాకించి శుభ్రం చేయండి. బట్టకు మాత్రం అంటనీయకండి, రబ్బరు పూత దెబ్బతింటుంది. ఆ తర్వాత కూడా తేడా ఉంటేనే టెన్షన్. చక్రం మొదటి స్థానాన్ని ఫోటో తీసి, పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఒక్కో పన్ను చొప్పున జరిపి ప్రతిసారీ కొలవాలి. చక్రాన్ని ఆపి పట్టే కొక్కెం ఒక్కసారి జారిందంటే స్ప్రింగు మొత్తం విచ్చుకుంటుంది, ఎన్ని చుట్లుండేదో తెలిసే దారి ఉండదు.

కె1000, స్పాట్‌మాటిక్‌లలో లోపలి అద్దం పైకి లేచి కిందికి దిగకపోతే అందరూ అద్దాన్నే అనుమానిస్తారు. ఆ కెమెరాల్లో అద్దాన్ని కిందికి వదిలేది రెండో కర్టెన్ ప్రయాణం ముగింపే. కర్టెన్ చివరిదాకా రాలేదు, కనుక అద్దం దిగలేదు. వెనకనుంచి చూస్తే కర్టెన్ అంచు ఫ్రేము చివర ఒకట్రెండు మిల్లీమీటర్ల దూరంలో నిలిచి ఉంటుంది. ఇది కూడా మురికి, మందగమనం కిందికే వస్తుంది. అద్దం పైన ఉండే స్పాంజి పట్టీ జిగురై అద్దాన్ని అంటించేసుకోవడం మరో కారణం. దాన్ని చెక్క టూత్‌పిక్‌తో గీకి, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంటిన ఇయర్‌బడ్‌తో తుడవండి. మొబైల్ రిపేరు కొట్లలో అది దొరుకుతుంది. పైనున్న ఫోకస్ తెర ప్లాస్టిక్, దానిమీద చుక్క పడినా మచ్చ పోదు. ముందే కాగితం అడ్డం పెట్టుకోండి.

ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట చిన్న వెలుతురు చుక్కలు పడుతుంటే కర్టెన్‌కు చిల్లులున్నాయి. చీకటి గదిలో లెన్స్ వైపునుంచి టార్చి పెట్టి వెనకనుంచి చూస్తే నక్షత్రాల్లా మెరుస్తాయి. ఫెడ్, జోర్కీ లాంటి అద్దం లేని కెమెరాలను మూత పెట్టకుండా ఎండలో మెడలో వేసుకు తిరిగితే, లెన్స్ సూర్యుణ్ణి నేరుగా బట్టమీద కేంద్రీకరించి కాల్చేస్తుంది. మన ఎండలకు ఎంతోసేపు అక్కర్లేదు. బట్టకు వేసే నల్లటి సాగే రంగును అతి పల్చగా, అగ్గిపుల్ల కొనతో తాకిస్తే చిన్న చిల్లులు మూసుకుంటాయి. మందంగా వేస్తే కర్టెన్ బరువెక్కి, రోలర్‌కు చుట్టుకునేచోట బిగుస్తుంది. మడతల దగ్గర బట్టే చిట్లిపోతుంటే రంగులతో కాదు, కర్టెన్ మార్చాల్సిందే.

నిలువు లోహపు షట్టర్లలో ఇంట్లో చేయగలిగింది తక్కువ. రేకులను వేలితో తాకకండి, వంపు తిరిగితే తిరిగి చక్కబడవు. డబ్బాలో వచ్చే ఒత్తిడి గాలి కూడా వాటిని వంచేస్తుంది, రబ్బరు బుడ్డి గాలి చాలు. రేకుల మీద జిడ్డు కనిపిస్తే అది చాలాసార్లు లోపలి రబ్బరు ఆపుడు ముక్క కరిగి పాకినది. ఆ పని తెలిసినవాళ్ళకే వదిలేయండి.

బ్యాటరీతో నడిచేవి

వీటిలో షట్టర్ పడకపోతే మొదట బ్యాటరీ, తర్వాతే ఏదైనా. కెనాన్ ఏఈ-1 బ్యాటరీ లేకుండా అసలు పడదు. అందులో 6 వోల్టుల 4ఎల్‌ఆర్44 వేయాలి. నికాన్ ఎఫ్‌ఈలో బ్యాటరీ లేకపోయినా ఎం90 (స్ప్రింగుతోనే పడే 1/90), బి పనిచేస్తాయి. అవి రెండూ పడి మిగతావి పడకపోతే తప్పు కరెంటుదే. కె1000, ఎఫ్‌ఎం2లలో బ్యాటరీ ఉన్నది వెలుతురు కొలిచే మీటర్‌కు మాత్రమే. వాటి షట్టర్ పడకపోతే బ్యాటరీ కొని లాభం లేదు.

గూట్లో పచ్చ చిలుము ఉంటే ఇయర్‌బడ్‌కు వెనిగర్ అంటించి తుడిచి, వెంటనే ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి ఆరబెట్టండి. పైకి శుభ్రంగా కనిపించినా గూటి కిందికి పోయే తీగ లోపల తినేసి ఉండొచ్చు. మల్టీమీటర్‌తో గూటి రెండు కొసలూ చూసుకోండి.

1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35ది ప్రత్యేకమైన జబ్బు. లీవర్ తిప్పేటప్పుడు లోపల గట్టిగా "టక్" మని ఒక చప్పుడు రావాలి. రాకపోతే లోపలుండే చిన్న రబ్బరు ముక్క పొడైపోయిందని అర్థం. అప్పుడు షట్టర్ దేన్నీ లెక్కచేయకుండా ఒకే వేగంతో పడుతుంది. ఆ ముక్క స్థానంలో అంతే మందమున్న కొత్త రబ్బరు అతికిస్తే సరిపోతుంది, కానీ అక్కడికి చేరడానికి పై మూత, ముందు భాగం విప్పాలి. బ్యాటరీ లేకపోతే ఈ కెమెరా 1/500లోనే పడుతుంది, అది తప్పు కాదు. అసలు 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు. పొడవు సరిపోయేలా తొడుగు పెట్టి 4ఎల్‌ఆర్44 వాడుకోవచ్చు.

ఏఈ-1 నొక్కినప్పుడల్లా దగ్గినట్టు కీచుమంటే అది షట్టర్ కాదు, అద్దాన్ని ఎత్తే గేర్లు ఎండిపోయాయి. నూనె వద్దన్న మాటకు ఇదొక మినహాయింపు. సూదిమొనతో వాచీ నూనె ఒక్క చుక్క, సరైన ఇరుసుకే.

కొలవడం

1 సెకను నుంచి 1/30 వరకు ఫోనులోని స్లో మోషన్ చాలు. సెకనుకు 240 ఫ్రేముల వీడియోలో షట్టర్ తెరిచి ఉన్న ఫ్రేములు లెక్కపెట్టండి. 1 సెకనుకు 240, 1/8కి 30, 1/30కి 8. అంతకన్నా వేగంలో ఒక ఫ్రేము తేడా కూడా పెద్ద తప్పవుతుంది కనుక నమ్మకండి.

వేగపు స్పీడులకు ఇంట్లో ఎక్కడైనా పాత డబ్బా టీవీ ఉంటే పారేయకండి. మన పాత టీవీల్లో గీతలు పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. ఒక గీతకు 64 మైక్రోసెకన్లు, ఒక విడత మొత్తం 20 మిల్లీసెకన్లు. గది చీకటి చేసి, టీవీలో తెల్ల తెర పెట్టి, కెమెరా వెనక తలుపు తెరిచి, ఫోనును ప్రో మోడ్‌లో 1 సెకను ఎక్స్‌పోజర్‌కు పెట్టి, షట్టర్ గుండా టీవీని చూసేలా అమర్చి నొక్కండి. లీఫ్ షట్టరైతే తెరమీద అడ్డంగా ఒక వెలుతురు పట్టీ వస్తుంది. 1/500 సరిగా ఉంటే పట్టీ ఎత్తు తెరలో పదో వంతుకు కొద్దిగా ఎక్కువ. 1/250కి ఐదో వంతు పైచిలుకు. బట్ట కర్టెన్‌లో ఆ పట్టీ ఏటవాలుగా వస్తుంది, అదే దీని గొప్ప ఉపయోగం. ఏ చోట పట్టీ ఎంత మందంగా ఉందో ఆ చోట ఎక్స్‌పోజర్ అంత. ఒక కొసన సన్నబడుతూ పోతే, ఏ కర్టెన్ మందగించిందో ఒక్క ఫోటోలో కళ్ళముందు ఉంటుంది.

అంకెలు కావాలంటే ఫోటోడయోడ్, అంటే వెలుతురు పడితే కరెంటు పుట్టించే చిన్న భాగం. చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయేవాళ్ళతో బీపీడబ్ల్యూ34 ఒకటి తెప్పించుకుని, కంప్యూటర్ మైక్ జాక్ రెండు తీగలకు దాని రెండు కాళ్ళు కలపండి. రికార్డులో షట్టర్ పడిన గుర్తు కనిపించకపోతే కాళ్ళు మార్చండి. ఆడాసిటీ అనే శబ్దం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేస్తే సెకనుకు 44,100 నమూనాలు. 1/1000కి 44, 1/500కి 88 రావాలి. ఆ డయోడ్ ముఖం దాదాపు 2.7 మిల్లీమీటర్ల చదరం, అంటే 1/1000 చీలిక అంత వెడల్పు. నేరుగా కొలిస్తే సమయం ఎక్కువ చూపిస్తుంది. నల్ల టేపు అతికించి ఒక మిల్లీమీటర్ సందు మాత్రమే వదలండి, గుర్తు సగం ఎత్తు దగ్గర కొలవండి. వెలుతురుకు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు వద్దు, అది సెకనుకు 100 సార్లు అదురుతుంది. లేజర్ పాయింటర్ గానీ ఎండ గానీ వాడండి. ఫ్రేము మొదట, నడుమ, చివర మూడు చోట్లా కొలవాలి. నడుమ ఒక్కచోటే కొలిచి బాగుందనుకుంటే, చివర్న చీకటి అట్లాగే మిగిలిపోతుంది.

1/1000 అని రాసినచోట 1/700 వస్తే కంగారు పడక్కర్లేదు, అది అర స్టాపు (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాపు). నెగెటివ్ రీలు దాన్ని గుర్తించనైనా గుర్తించదు. మూడు చోట్లా సమానంగా ఉండటం అసలు అంకె కన్నా ముఖ్యం.

చివరగా ఒక రీలు తీయాలి. చంద్రగిరి కోటలో రాజమహల్ గోడ మీద ఎండ నేరుగా పడే వేళ, ఐఎస్ఓ 100 రీలుతో ఒకే గోడను వరసగా తీయండి. లెన్స్ రంధ్రం (అపర్చర్) అంకెలు 1/1000కి ఎఫ్5.6, 1/500కి ఎఫ్8, 1/250కి ఎఫ్11, 1/125కి ఎఫ్16. నాలుగు ఫ్రేములూ ఒకే సాంద్రతతో రావాలి. పల్చగా వచ్చింది వేగంగా పడుతోంది, చిక్కగా వచ్చింది నెమ్మదిగా. లెన్స్‌లోని అపర్చర్ రేకులు నూనెతో మందగించినా ఇట్లాగే కనిపిస్తుంది కనుక, నొక్కేముందు వాటిని కదిపే మీటను కూడా వేలితో కదిపి చూడండి. తర్వాత రెండు ఫ్రేములు మబ్బులేని ఉత్తరపు ఆకాశానికి, 1/1000లో. అందులో ఏ అంచు తేడాగా ఉన్నా దాక్కోలేదు. నలుపు తెలుపు రీలు ఇంట్లోనే కడిగేవాళ్ళు మే నెలలో కుళాయి నీళ్ళను నమ్మకండి, డెవలపర్ 20 డిగ్రీలకు రావాలంటే డబ్బాను ఐసు నీళ్ళల్లో నిలపాలి. డెవలపర్ వేడి ఎక్కువైతే నాలుగు ఫ్రేములూ చిక్కగానే వచ్చి, షట్టర్ మీద లేని అనుమానం పుడుతుంది.

బాగయ్యాక పట్టుచీరల మధ్య నాఫ్తలీన్ ఉండలున్న బీరువాలో పెట్టకండి. కర్పూరం దగ్గర కూడా వద్దు. ఆ ఆవిర్లు అద్దాలకూ ప్లాస్టిక్‌కూ పడవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో మూత బిగుతైన డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. ఎక్కుపెట్టకుండా, బ్యాటరీ తీసేసి పెట్టాలి. నెలకొకసారి బయటికి తీసి అన్ని స్పీడుల్లోనూ, ముఖ్యంగా 1 సెకనులో, కొన్నిసార్లు నొక్కండి.

మెకానిక్‌కు పంపాల్సి వస్తే "షట్టర్ పోయింది" అని రాయకండి. ఏ స్పీడులో తప్పింది, ఫ్రేములో ప్రయాణం మొదలా చివరా, చలిలోనా ఎండలోనా, ఎవరైనా ఇంతకుముందు నూనె వేశారా, మీరు విప్పితే ఏ స్క్రూలు విప్పారు, ఇవన్నీ ఒక చీటీలో రాసి, టీవీ పట్టీ ఫోటో ఉంటే అది కూడా జతచేయండి. జపాన్ కెమెరాల స్క్రూల గాడి మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్‌కు సరిగా కుదరదు, జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవర్ వాడేవారేనా అని ముందే అడగండి. లెన్స్ విప్పి వేరుగా చుట్టి, ఒంటికి మూత బిగించి పంపండి.